కడుపులోని బిడ్డకు ఒక న్యాయం, మురుగులో దిగిన మనిషికి ఇంకో న్యాయమా?

తెలుగు రాష్ట్రాల కథోలిక పీఠాధిపతులకు, విచారణ గురువులకు, మఠకన్యలకు, మన ఆసుపత్రులూ బడులూ నడిపే పెద్దలకు బహిరంగ లేఖ

పూజ్యులకు నమస్కారాలు.

నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. ఉద్యోగంలో ఎక్కువ కాలం సర్కారు ఆసుపత్రి లేబర్ రూములో, క్యాజువాలిటీలో గడిచింది. ఆ తర్వాత కొన్నాళ్లు సిస్టర్లు నడిపే ఆసుపత్రిలో కూడా చేశాను. పోయిన తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) మా విచారణ వాళ్లం, అంటే మా గుడి సంఘం వాళ్లం, కొంతమందిమి కలిసి, సంతకాలు పెట్టి, ఒక వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నవారు మర్యాదగానే తీసుకున్నారు. కాఫీ ఇచ్చారు. "చూద్దామమ్మా" అన్నారు. ఆ తర్వాత ఫోన్ చేసినా, మనిషిని పంపినా ఒకటే మాట, "పెద్దల దృష్టికి తీసుకెళ్లాం" అని. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఏ మేత్రాసనం (బిషప్ పరిధి), ఏ ఆసుపత్రి అన్నది చెప్పను. పేరు పెడితే గొడవంతా ఆ ఒక్కరి మీదికి పోతుంది, మిగతావాళ్లు హాయిగా చేతులు దులుపుకుంటారు.

మా విన్నపం చిన్నది. ప్రాణం గురించి తిరుసభ, అంటే మన కథోలిక సంఘం, చెప్పిందంతా మాకు చెప్పండి. ఒక ముక్క గట్టిగా చెప్పి, మిగతాది మింగేయకండి. గర్భస్రావం పాపమని ప్రసంగాల్లో వింటున్నాం, దానికి నాకు అభ్యంతరం లేదు, నేనూ అదే నమ్ముతాను. కానీ ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు, ఉరిశిక్ష పడినప్పుడు, సెప్టిక్ ట్యాంకులో మనిషి చచ్చిపోయినప్పుడు, పురుగుమందు తాగినవాడి శవం గుడి ముందుకొచ్చినప్పుడు మన గొంతులు ఎందుకు పెగలవు?

ఇది నా సొంత కవిత్వం కాదు. ప్రపంచంలోని కథోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన 'నేటి ప్రపంచంలో తిరుసభ' పత్రం 27వ పేరా తీసి చూడండి. ప్రాణానికి ఎదురు నిలిచే నేరాలంటూ హత్య, జాతి నిర్మూలన, గర్భస్రావం, కారుణ్య మరణం, ఆత్మహత్య చెప్పి, అదే ఊపిరిలో చిత్రహింసలు, మనుషులు బతకలేని బతుకులు, అడ్డగోలు నిర్బంధం, బానిసత్వం, ఆడవాళ్లనీ పిల్లలనీ అమ్మడం, కూలివాణ్ని లాభం తెచ్చే పనిముట్టుగా చూసే పని పద్ధతులు, అన్నీ చెప్పింది. మనం ఆ వరసలోంచి ఒకటి రెండు ఏరుకున్నాం.

షికాగో అగ్రపీఠాధిపతి కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ ఈ ఏరుకోవడం మీదే మాట్లాడారు. 1983 మేలో అణ్వాయుధాల మీద అమెరికా బిషప్పులు రాసిన లేఖను తయారుచేసిన కమిటీకి పెద్ద ఆయనే. అదే ఏడాది డిసెంబరు 6న న్యూయార్క్‌లోని ఫోర్డమ్ యూనివర్సిటీలో ప్రసంగిస్తూ గర్భస్రావం, యుద్ధం, ఉరిశిక్ష, పేదరికం, చివరి ఘడియల్లో ఉన్న రోగి, వీటన్నిటినీ ఒకే కొలతతో చూడాలన్నారు. సిలువ కింద సైనికులు యేసు బట్టలు పంచుకుంటూ, చింపడానికి మనసొప్పక చీట్లు వేసుకున్న కుట్టులేని అంగీ ఉంది చూడండి, ఆ పేరే ఆ ఆలోచనకు స్థిరపడింది. యుద్ధం వద్దనేవాళ్లకూ నచ్చలేదు, గర్భస్రావం వద్దనేవాళ్లకూ నచ్చలేదు. తోటి బిషప్పుల్లోనే కొందరు తప్పుపట్టారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. 1996 నవంబరులో కేన్సర్‌తో చనిపోయే కొద్ది రోజుల ముందు కూడా, డాక్టర్ల సాయంతో ఆత్మహత్యను హక్కుగా గుర్తించవద్దని అమెరికా సుప్రీంకోర్టుకు లేఖ రాశారు.

పోపులు ఆ దారినే వచ్చారు. రెండవ జాన్ పాల్ 1995 మార్చి 25న, మంగళవార్త పండుగనాడు, ప్రాణం గురించి తిరుసభ అంతటికీ రాసిన విశ్వలేఖలో గర్భస్రావాన్ని ఎంత గట్టిగా ఖండించారో, ఉరితీయక తప్పని సందర్భాలు ఈ రోజుల్లో దాదాపు లేనట్టేనని కూడా అంత స్పష్టంగా రాశారు. 2018 ఆగస్టులో పోపు ఫ్రాన్సిస్ తిరుసభ బోధలన్నీ ఉండే సత్యోపదేశ గ్రంథం 2267వ అంశాన్నే మార్పించారు. మరణశిక్ష ఇక ఏ సందర్భంలోనూ ఒప్పుకోదగింది కాదన్నారు. 2025 సెప్టెంబరు 30న పోపు పద్నాలుగవ లియో విలేకరులతో మాట్లాడుతూ, గర్భస్రావానికి వ్యతిరేకిని గానీ ఉరిశిక్ష ఉండాల్సిందే అనేవాడు నిజంగా ప్రాణపక్షాన ఉన్నట్టు కాదన్నారు. ఆయనది కూడా షికాగోయే. గుళ్లో మాకు ఇవేవీ చేరలేదు. ఇందులో కొన్ని నా మనవడు ఫోన్‌లో చూపిస్తే చదివాను.

ఇప్పుడు మన నేల మీద జరిగినవి చెబుతాను.

1. తుపాకీ, ఉరితాడు

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, తగలబెట్టారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత తీర్చగలిగేది ఏదీ లేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా విచారణ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున ఎవరో పెట్టిన మరియమాత ఫొటో కింద "దేవుడు న్యాయం చేశాడు" అని వరసగా మెసేజ్‌లు, దండం బొమ్మలు. బెర్నార్డిన్ ప్రసంగించిన తేదీ కూడా డిసెంబరు 6 అని అప్పుడు నాకు తెలియదు. రెండు రోజులకు ఆగమనకాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) రెండో ఆదివారం వచ్చింది. ప్రసంగం విన్నాను. అందులో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. తర్వాత నాకు తెలిసిన పక్క విచారణల్లో వాకబు చేస్తే అక్కడా లేదన్నారు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని చెప్పింది. ఆ నలుగురిలో ఒకరి భార్య అప్పటికి గర్భవతి. కడుపులోని బిడ్డ కోసం నవదిన ప్రార్థనలు చేసే మనకు ఆ కడుపు ఎందుకు కనపడలేదు?

పోలీసు చేతికి తీర్పు కూడా అప్పగిస్తే ఎవరి కొడుకు పోతాడో మనకు తెలియంది కాదు. లాయరును పెట్టుకోలేనివాడి కొడుకే. ఉరికంబం దగ్గరా అంతే. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీకి వెళ్లి పెట్రోలు పోసి అంటిస్తే 23 మంది కాలిపోయారు. ఘోరం. శిక్ష పడింది ఇద్దరు దళిత యువకులకు, ఉరి. 1997 మార్చిలో చివరి ఘడియలో సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. వాళ్ల ప్రాణం కోసం ఊరూరా తిరిగి సంతకాలు సేకరించింది పౌరహక్కుల వాళ్లు. దేవుడున్నాడని వాళ్లలో చాలామంది నమ్మరు. నమ్మే మనకు ఆ పని ఎందుకు తట్టలేదని అప్పటినుంచీ నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఇంకొకటి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికొస్తున్న దళిత యువకుణ్ని వెనకనుంచి వచ్చి నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రి, కులం కోసం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు నరికినవాడికి ఉరిశిక్ష వేసింది. కులం, కడుపులోని బిడ్డ, హత్య, ఉరితాడు, అన్నీ ఒకేచోట ఉన్న కేసిది. చనిపోయినవాడి కోసం ఏడవాలి, ఆ తల్లికీ బిడ్డకూ అండగా నిలవాలి, కులాన్ని పేరు పెట్టి తిట్టాలి, ఆ పైన ఉరి మాత్రం వద్దనాలి. తిరుసభ బోధ అడిగేది ఇంత కష్టమైన పని. మాకు ఎవరైనా నేర్పితేనే వస్తుంది.

2. కడుపు తీయించుకోవడానికి వచ్చేవాళ్లు

కొన్ని షరతులతో గర్భస్రావాన్ని అనుమతించే ఎంటీపీ చట్టం 1971 ఆగస్టు 10న వచ్చింది. 2021 సవరణతో కొన్ని కేసుల్లో గడువు 24 వారాలకు పెరిగింది. చట్టం మీద తిరుసభకు ఉన్న అభ్యంతరం అందరికీ తెలుసు. నేను చెప్పదలచింది ఆ బల్ల మీదికి వచ్చే ఆడవాళ్ల గురించి.

పాపం చేద్దామని సరదాపడి వచ్చినదాన్ని ఒక్కదాన్నీ చూడలేదు. ఎక్కువమంది పెళ్లయి పిల్లలున్న తల్లులే. "ఇద్దరికీ ఆపరేషనే అయ్యింది సిస్టర్, మూడోసారి కోస్తే కుట్లు తట్టుకోవన్నారు" అని ఒకామె. "మళ్లీ ఆడపిల్లంట" అని గొంతు తగ్గించి ఇంకొకామె. స్కానింగ్‌లో ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. చెబుతూనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది ఉంటే 2011 నాటికి 939కి పడిపోయారు. ఈ లెక్కలో మన విచారణల ఇళ్లు లేవని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని అనగలరా?

ఆపరేషన్ల సంగతికి వస్తాను, ఎందుకంటే అది ఇక్కడికే ముడిపడి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో అదే ఎక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తల్లీబిడ్డల ప్రాణం నిలపడానికి 10 నుంచి 15 శాతానికి మించి అక్కర్లేదని డబ్ల్యూహెచ్‌వో ఎప్పటినుంచో అంటోంది. రెండుసార్లు కోసిన కడుపుతో మూడోసారి గర్భం దాల్చినామెకు భయం తప్ప ఇంకేం మిగులుతుంది? అవసరం లేని ఆపరేషన్ చేసిన డాక్టరూ, నిద్ర చాలని నర్సూ, "నొప్పులు పడలేదు, కోసేయండి" అనే అత్తగారూ, అందరూ కలిసి ఆ గర్భస్రావాన్ని కొన్నేళ్ల ముందే రాసిపెట్టారు. మనవాళ్లు ముహూర్తాలు చూడరులే అనుకుంటారేమో. "క్రిస్మస్ నాడు పుట్టేట్టు చూడండి సిస్టర్" అని అడిగిన కథోలిక కుటుంబాలు నాకు తెలుసు.

పెళ్లికాని పిల్లలు కూడా వచ్చేవాళ్లు. ఒక హాస్టల్ పిల్ల గుర్తుంది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, తల ఎత్తకుండా కూర్చుంది. అమ్మానాన్నల మాట ఎత్తలేదు, పోలీసుల మాట ఎత్తలేదు. "మా ఫాదర్ గారికి తెలియనివ్వకండి" అంది. బిడ్డను కాపాడమని బోధించే గుడికి వెళ్లి "నాకు సాయం చేయండి" అనడానికి ఆ పిల్లకు భయమేసింది. మనం ఏ ముఖంతో వెళ్లి ఆ పిల్లకు బోధిస్తాం?

అన్నట్టు, స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేవారికి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువమందిని కనమంటోంది. కనేవాళ్ల ఖర్చు ఎవరు భరిస్తారో మాత్రం మన గుళ్లలో చెప్పడం లేదు.

3. పురుగుమందు తాగినవాళ్లు

క్యాజువాలిటీలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది గడ్డిమందు కేసు. పారాక్వాట్ అనే ఆ మందుకు విరుగుడు లేదు. తాగినవాడు స్పృహలోనే ఉంటాడు. మాట్లాడతాడు, పొరపాటు చేశాను బతికించండి అంటాడు. నాలుక, పెదాలు పుండ్లయిపోతాయి, నీళ్లు కూడా మింగలేడు. ఊపిరితిత్తులు రోజురోజుకీ గట్టిపడిపోతుంటే పక్కన భార్య, "కొంచెం తేరుకున్నట్టుంది కదా సిస్టర్" అని అడుగుతుంటుంది. ఏం చెప్పాలో తోచేది కాదు.

అలా పోయిన ఒక కౌలురైతు మావాడే, జ్ఞానస్నానం పొందినవాడే. శవాన్ని గుళ్లోకి తేవద్దన్నారు. సమాధుల తోటలో చోటు కుదరదన్నారు. కాలువ గట్టున పూడ్చారు. ఆయన భార్య ఆ తర్వాత గుడికి రావడం మానేసింది. పిల్లలూ రావడం లేదు.

పాత తిరుసభ చట్టంలో ఆత్మహత్య చేసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించే నియమం ఉండేది. 1983 చట్టంలో దాన్ని తీసేశారు. మనసు చితికిపోయిన స్థితిలో, భయంలో, బాధలో చేసినదానికి బాధ్యత తగ్గుతుందని, వారి రక్షణ గురించి నిరాశ పడకూడదని సత్యోపదేశ గ్రంథం 2282, 2283 అంశాలు చెబుతున్నాయి. దేశ చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమంది. వాటికన్ మారింది, పార్లమెంటు మారింది. పల్లెలో గేటు తాళం మాత్రం ఇంకా అదే.

కౌలురైతు చనిపోతే ఇంటిల్లిపాదీ రోడ్డున పడుతుంది. తెలంగాణ రైతుబీమా పట్టా ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం, పొలం కౌలుకు చేస్తున్నాడని చూపే సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలన్నారు. యజమానులు పెట్టరు. మన సంస్థలకూ పొలాలున్నాయి, వాటినీ కౌలుకిస్తున్నారు. ఆ కాగితాల మీద మన వాళ్లు సంతకం పెడుతున్నారా?

4. సెప్టిక్ ట్యాంకు, గోడ

మనుషులను మురుగులో దించకూడదని 2013లో చట్టం వచ్చింది. దిగి చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో, దాన్ని 30 లక్షలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దిగేవాళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. తెలుగు కథోలికుల్లో అత్యధికులు దళితులే కాబట్టి ఆ దిగేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. పుట్టని బిడ్డ నిస్సహాయురాలు, నిజమే. విషవాయువు నిండిన గుంతలో నడుముకు తాడు కట్టుకుని దిగినవాడు ఏ పాటి సహాయం ఉన్నవాడు?

క్రైస్తవం తీసుకున్న దళితుడికి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేకుండా చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ కూడా వర్తించదని తీర్పునిచ్చింది. అంటే కులం పేరుతో కొడితే ఆ చట్టం కింద కేసుకు దిక్కులేదు. బయట ఇంత జరుగుతుంటే లోపల మనం ఏం చేస్తున్నాం? సమాధుల తోటలో నడుమ గోడలున్నాయి. ఒకే సిలువ గుర్తు కింద రెండు గేట్లు. తిరుసభలో అంటరానితనం ఉందని ఒప్పుకుంటూ భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత విధానం ప్రకటించింది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు 2022 ఆగస్టు 27న దేశంలోనే మొదటి దళిత కార్డినల్ అయ్యారు. ఆ రోజు మా పేటలో టపాసులు కాల్చాం. గోడ దగ్గర మాత్రం ఒక్క ఇటుక కదల్లేదు.

5. చివరి రోజులు

దీని గురించి ఎక్కువ రాయను. కారుణ్య మరణం తప్పని మనవాళ్లకు తెలుసు. బతికే ఆశ లేని రోగికి భారమైన చికిత్స ఆపడం తప్పు కాదని 1980 మే 5న వాటికన్ చెప్పిన సంగతి తెలియదు. అందుకే పాపం తగులుతుందన్న భయంతో ఎకరం అమ్మి వెంటిలేటర్ మీద ఉంచుతున్నారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కూడా అటువంటి చికిత్స ఆపే దారి చూపింది. ఇంట్లో ఉంచి, నొప్పి తెలియకుండా చూసుకునే సాయం దొరికితే ఎంతమంది పొలాలు మిగులుతాయో. ఇంకో మాట: బిల్లు కట్టేదాకా శవాన్ని ఇవ్వని ఆసుపత్రుల్లో సిలువ గుర్తున్నవీ ఉన్నాయి. బిల్లింగ్ కౌంటర్ ముందు మెడలో పుస్తెలు తీసి చేతిలో పట్టుకుని నిలబడినామెను నేను చూశాను. ఆ కౌంటర్ పైన గోడకు తిరుహృదయ పటం ఉంది.

1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చి, మఠకన్యగా ఉంటూనే డాక్టరుగా వేలమంది పేదలకు వైద్యం చేసిన సిస్టర్ మేరీ గ్లౌరి ఇక్కడే, మన గడ్డ మీదే, 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. దాని ప్రధాన కార్యాలయం ఈ రోజు సికింద్రాబాద్‌లో ఉంది. ఆమెను పునీతురాలిగా ప్రకటించాలని కోరుతున్నాం కదా. ముందు ఆమె చేసిన పని చేద్దాం.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పి విన్నపాల్లోకి వెళతాను. వినతిపత్రం ఇచ్చిన రోజు ఒక యువ గురువు అన్నారు, "అమ్మా, అన్నీ ఒకే గాటన కడితే గర్భస్రావం విషయం పలచబడిపోదా? రాజకీయ నాయకులు దీన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోరా?" అని. అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో కొందరు నాయకులు అలా తప్పించుకున్న మాటా నిజమే. అన్ని సమస్యలూ ఒకటే అని బెర్నార్డిన్ కూడా అనలేదు. దేనికది విడిగా తూచాలి, కానీ తూచే తక్కెడ ఒకటే ఉండాలన్నారు. నిర్దోషిని కావాలని చంపడం ఒక ఎత్తు, జీతం ఎగ్గొట్టడం ఇంకో ఎత్తు అని నాకూ తెలుసు. గర్భస్రావం గురించి మాట్లాడటం తగ్గించమని నేను అడగడం లేదు. మదర్ తెరెసా 1979లో నోబెల్ వేదిక మీదే గర్భస్రావాన్ని ఖండించారు. 1997లో అమెరికాలో ఒక ఖైదీకి మరణశిక్ష అమలు చేయవద్దనీ వేడుకున్నారు. ఆమె మాట పలచబడిందా? మన మాట పలచబడేది ఒకచోట అరిచి ఇంకోచోట నోరు మూసుకున్నప్పుడు. జనం గమనిస్తారు. ముఖ్యంగా కుర్రవాళ్లు.

మా విన్నపాలు ఇవి:

1. ఎన్‌కౌంటర్ హత్యలు, మరణశిక్షల మీద తిరుసభ బోధను వివరిస్తూ పీఠాధిపతులందరూ కలిసి ఒక లేఖ రాయాలి. అన్ని విచారణల్లో ఒకే ఆదివారం చదివించాలి. ఇంగ్లీషులో రాసి వెబ్‌సైట్‌లో పెడితే సరిపోదు. మా పేటలో ఉపదేశి చదివితే అర్థమయ్యే తెలుగులో రాయాలి.

2. మన ఆసుపత్రులన్నీ నెలనెలా ఎన్ని కాన్పులు, అందులో ఎన్ని ఆపరేషన్లు అన్నది నోటీసు బోర్డు మీద పెట్టాలి. మామూలు కాన్పు చేయించే ఓపిక గల నర్సులకు, మంత్రసాని శిక్షణ పొందినవారికి తగిన జీతం ఇచ్చి పెట్టుకోవాలి. ఆపరేషన్ల లెక్క చూసి డాక్టర్లకు ఇన్సెంటివ్ ఇచ్చే పద్ధతి ఎక్కడైనా ఉంటే ఆపాలి.

3. కష్టంలో ఉన్న గర్భవతికి, పెళ్లయినా కాకపోయినా, పేరూ ఊరూ బయటపెట్టకుండా ఉండటానికి చోటు, తిండి, కాన్పు ఖర్చు, ఆ తర్వాత చదువో పనో చూపించే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో ఉండాలి. ఎవరికి ఫోన్ చేయాలో గుడి తలుపు మీద రాసి ఉండాలి. పెళ్లికాకుండా తల్లయిన పిల్లను మన బడి నుంచి, మన హాస్టల్ నుంచి పంపించేయడం ఆగాలి. ఒక చేత్తో గెంటేసి ఇంకో చేత్తో బిడ్డను కాపాడమంటే కుదరదు.

4. ఆత్మహత్య చేసుకున్నవారికి పూర్తి అంత్యక్రియలు జరపాలని విచారణ గురువులందరికీ రాతపూర్వకంగా ఆదేశం పోవాలి. ఇంతకుముందు బయట పూడ్చిన వారి సమాధులను సకల ఆత్మల పండుగ రోజున మిగతావాటితో పాటే ఆశీర్వదించాలి. మన పొలాలు చేసే కౌలురైతులకు సాగుదారు కార్డు కాగితాల మీద ఈ పంటకాలం లోపే సంతకాలు పెట్టాలి.

5. సమాధుల తోటల్లో కులం గోడలు ఎక్కడెక్కడున్నాయో ప్రతి మేత్రాసనం లెక్క తీసి ప్రకటించాలి, గడువు పెట్టి పడగొట్టాలి. పెద్ద కులాల వాళ్లు విరాళాలు ఆపేస్తారని భయమైతే ఆ మాటే బయటికి చెప్పండి. మేం కూలి డబ్బుల్లోంచి తెచ్చి ఇస్తాం.

6. మన బడుల్లో, ఆసుపత్రుల్లో, బిషప్ హౌసుల్లో సెప్టిక్ ట్యాంకులు యంత్రంతోనే శుభ్రం చేయించాలి. కాంట్రాక్టరు మీదికి నెట్టొద్దు. స్వీపర్లకు, ఆయాలకు, వార్డు బాయ్‌లకు, నర్సులకు కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ ఇస్తున్నారో లేదో బయటి ఆడిటర్‌తో చూపించాలి. "సేవ కదమ్మా" అని సగం జీతం చేతిలో పెట్టడం మానాలి.

7. బిల్లు కోసం శవాన్ని ఆపకూడదు. ఇది ఈ రోజే ఆపవచ్చు, కమిటీ అక్కర్లేదు. ప్రతి మేత్రాసనంలో కనీసం ఒక ఇంటింటి పాలియేటివ్ కేర్ (నయం కాని రోగికి నొప్పి తగ్గించే సేవ) బృందం మొదలుపెట్టాలి. రిటైరైన నర్సులం ఉన్నాం, జీతం లేకుండా వస్తాం. బండీ మందులూ మీరు చూడండి.

వీటిలో దేన్ని ఒప్పుకుంటారు, దేన్ని ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు అన్నది మంగళవార్త పండుగ లోపల చెప్పాలని కోరుతున్నాం. మాకు వేరే ఉత్తరం అక్కర్లేదు. ఆదివారం పూజ తర్వాత పెళ్లి ప్రకటనలు చదివేటప్పుడు చదివినా చాలు. జవాబు రాకపోతే, విచారణల్లోని చిన్న క్రైస్తవ సంఘాల వాళ్లం ఐదో విన్నపంలో అడిగిన గోడల లెక్క మేమే తీస్తాం. ఫొటోలతో సహా మీకూ పంపిస్తాం, అందరికీ చూపిస్తాం.

ఇట్లు,
మీ విచారణ సభ్యురాలు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు